పేరు పెట్టి పిలిస్తేనే పని: నైట్స్ ఆఫ్ కొలంబస్ కౌన్సిళ్లలో సేవా కార్యక్రమాల నిర్వహణ

నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కతోలిక పురుషుల సోదర సంఘంలో ఇప్పుడు 20 లక్షల మందికి పైగా సభ్యులున్నారు. అమెరికాలో పుట్టిన ఈ సంఘం కెనడా, మెక్సికో, ఫిలిప్పీన్స్, పోలండ్, ఉక్రెయిన్ వంటి దేశాలకు విస్తరించింది. సభ్యులు సేవకు వెచ్చిస్తున్న సమయం ఏటా 4.5 కోట్ల గంటలు దాటుతోందని సంఘం ఇటీవలి నివేదికలు చెబుతున్నాయి. ఇంత పెద్ద అంకె వినగానే ఎక్కడో ఒక పెద్ద కార్యాలయం, అందులో వందలాది ఉద్యోగులు, అక్కడి నుంచి వెళ్లే ఆదేశాలు కళ్ల ముందు మెదులుతాయి. కార్యాలయం ఉన్న మాట నిజమే. కానీ ఆ గంటల్లో అత్యధిక భాగం గుడి (చర్చి) పక్కనున్న హాలులో నెలకోసారి మడతకుర్చీలు వేసుకుని కూర్చునే కొద్దిమంది మనుషుల నుంచి వస్తోంది. వారి బృందాన్నే కౌన్సిల్ అంటారు. అలాంటివి 16,000కు పైగా ఉన్నాయి. ఒక కౌన్సిల్‌లో సేవా కార్యక్రమం ఏళ్ల తరబడి చక్కగా సాగుతుంది. పక్క ఊళ్లో అదే కార్యక్రమానికి, అవే నిబంధనలతో, అవే కరపత్రాలతో పిలిస్తే నలుగురు కూడా రారు.

ఈ తేడాకు కారణం డబ్బు అనుకుంటే పొరపాటు. ధనిక విచారణల్లోనూ (విచారణ అంటే ఒక గుడి పరిధిలోని విశ్వాసుల సమూహం) కార్యక్రమాలు మూలపడతాయి, పేద విచారణల్లోనూ కళకళలాడతాయి. ఎవరింట్లో ఏ కష్టముందో తెలిసినవారు, ఎవరి చేతిలో ఏ పనితనముందో తెలిసినవారు నడిపే కార్యక్రమం నిలుస్తుంది. ఈ రెండూ తెలుసుకోకుండా పైనుంచి వచ్చిన జాబితా చూసి మొదలుపెట్టింది రెండో ఏటికి చతికిలబడుతుంది. ఇది ఈ సంఘం పుట్టుకలోనే ఉన్న విషయం. అందుకే నిర్వహణ సంగతులు మాట్లాడుకునే ముందు కాస్త వెనక్కి వెళ్లాలి.

బీమాతో మొదలైన సోదరభావం

1880ల ఆరంభంలో కనెక్టికట్ రాష్ట్రం న్యూ హేవెన్ నగరంలోని సెయింట్ మేరీస్ గుడికి ఫాదర్ మైకెల్ మెక్‌గివ్నీ సహాయ మతగురువు. అక్కడి విశ్వాసుల్లో ఎక్కువమంది ఐర్లండ్ నుంచి వలస వచ్చిన కార్మికులు, వారి పిల్లలు. ఆ రోజుల్లో అక్కడ కతోలికులంటే చిన్నచూపు ఎంతగా ఉండేదంటే, హిల్‌హౌస్ అవెన్యూ వంటి సంపన్నుల వీధికి ఈ గుడి మచ్చ తెచ్చిందని 1879లో న్యూయార్క్ టైమ్స్ పత్రికే రాసింది. ఇంటిపెద్ద చనిపోతే ఆ కుటుంబానికి దిక్కుండేది కాదు. పిల్లల్ని పోషించే స్తోమత ఉందని కోర్టుకు చూపించలేకపోతే పిల్లలు తల్లికి దూరమయ్యే ప్రమాదం ఉండేది. 1882లో డౌన్స్ అనే కుటుంబానికి సరిగ్గా ఇలాంటి కష్టమే వచ్చినప్పుడు, ఆల్‌ఫ్రెడ్ అనే కుర్రవాడికి సంరక్షకుడిగా ఉంటానని మెక్‌గివ్నీ స్వయంగా కోర్టులో నిలబడ్డారు.

ఒక గురువు ఒక పిల్లవాడికి అండగా నిలబడగలరు. ఊళ్లోని పిల్లలందరికీ నిలబడాలంటే సంఘం కావాలి. ఆ ఆలోచనతోనే 1881 అక్టోబరు 2న సెయింట్ మేరీస్ గుడి నేలమాళిగలో మొదటి సమావేశం జరిగింది. 1882 మార్చి 29న రాష్ట్ర శాసనసభ సంఘానికి గుర్తింపు ఇచ్చింది. మెక్‌గివ్నీకి అప్పుడు 29 ఏళ్లు. ఏర్పాటు చాలా సరళం. ఒక సభ్యుడు చనిపోతే మిగిలినవారు తలా ఒక డాలరు వేసుకుంటారు, అతని భార్యకు 1,000 డాలర్లు అందుతాయి. జబ్బుపడి పనికి వెళ్లలేని సభ్యుడికి వారానికి 5 డాలర్ల వరకు, 13 వారాలపాటు ఇస్తారు. అప్పటికీ కోలుకోకపోతే ఇక ఎంత ఇవ్వాలో అతని కౌన్సిలే నిర్ణయించేది.

ఈ చివరి నియమాన్ని కొంచెం ఆగి చూడాలి. పదమూడు వారాల తర్వాత ఎంత ఇవ్వాలో నిర్ణయించాలంటే అతనికి పిల్లలెందరో, ఇంటద్దె ఎంతో, జబ్బు ఏ స్థితిలో ఉందో తెలిసుండాలి. న్యూ హేవెన్‌లో కూర్చున్న గుమాస్తాకు అది తెలియదు, అతని పక్క వరుసలో మోకరిల్లే మనిషికి తెలుస్తుంది. అందుకే ఆ అధికారం కౌన్సిల్ చేతిలో పెట్టారు. దాతృత్వం, ఐక్యత, సోదరభావం అని సంఘం తన ఆదర్శాలుగా చెప్పుకొనే మూడు మాటలూ ఈ నియమంలో పనిచేస్తూ కనబడతాయి. 1900లో వీటికి దేశభక్తి తోడైంది.

మెక్‌గివ్నీ 1890లో న్యుమోనియాతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 38. ఆయన్ను ధన్యుడిగా (పునీతుడిగా ప్రకటించడానికి ముందు మెట్టు అది) ప్రకటించింది 2020 అక్టోబరు 31న. ఈలోగా సంఘం తన సభ్యుల గడపలు దాటి బయటి ప్రపంచంలోకి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైనికుల కోసం నడిపిన విడిది గుడిసెల ముందు 'అందరికీ స్వాగతం, అన్నీ ఉచితం' అన్న అర్థం వచ్చే బోర్డులు పెట్టారు. మన వాళ్లకు మనం అన్నచోట మొదలై ఎవరికైనా మనం అన్నచోటికి రావడం పెద్ద మలుపు. నిర్వహణ కష్టాలు కూడా అక్కడే మొదలయ్యాయి. తెలిసిన ఇంటికి సాయం చేయడానికి ప్రణాళిక పెద్దగా అవసరం ఉండదు. తెలియని వీధికి సాయం చేయాలంటే కావాలి.

జూన్ నెలలో జరగాల్సిన మాట

సంఘం సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ప్రతి కౌన్సిల్‌కు ఎన్నికైన అధ్యక్షుడిని గ్రాండ్ నైట్ అంటారు. ఆయన ఒక ప్రోగ్రామ్ డైరెక్టర్‌ను నియమిస్తారు. 2018లో వచ్చిన ఏర్పాటు ప్రకారం సేవంతా నాలుగు విభాగాల కిందికి వస్తుంది: విశ్వాసం, కుటుంబం, సమాజం, జీవం. ఒక్కో విభాగానికి ఒక డైరెక్టర్. లెక్కలు రాసే ఫైనాన్షియల్ సెక్రటరీ వేరు, సొమ్ము ఉంచే ట్రెజరర్ వేరు. చాప్లిన్‌గా, అంటే ఆధ్యాత్మిక మార్గదర్శిగా, ఒక గురువు ఉంటారు, చాలాచోట్ల విచారణ గురువే ఆ బాధ్యత తీసుకుంటారు.

కాగితం మీద ఇది బాగుంది. నలుగురు డైరెక్టర్లు నాలుగు దిక్కులా చూస్తే ఏ అవసరమూ కంటబడకుండా పోదు. ఆచరణలో మాత్రం చిన్న కౌన్సిళ్లలో ఇద్దరే మనుషులు నాలుగు పేర్లూ మోస్తుంటారు. ఆ ఇద్దరూ మూడో ఏటికి అలసిపోతారు, నాలుగో ఏడు ఎవరూ దొరకరు. ఇలాంటిచోట నాలుగు విభాగాల్లోనూ నాలుగేసి పనులు పెట్టుకోవడం కంటే, రెండు పనులు ఎంచుకుని వాటికి ఆరుగురిని తయారు చేసుకోవడం మేలు.

కొత్త గ్రాండ్ నైట్, ప్రోగ్రామ్ డైరెక్టర్ జూన్ నెలలోనే విచారణ గురువు దగ్గరికి వెళ్లి కూర్చోవాలి. ఏం చేయబోతున్నామో చెప్పడానికి వెళ్లడం సరిపోదు, ఏం కావాలో అడగడానికి వెళ్లాలి. ఈ ఏడాది ఎన్ని కుటుంబాలు బియ్యం, పప్పులు, అద్దె కోసం గుడి తలుపు తట్టాయి? చలికాలంలో ఏ బడి పిల్లలు పల్చటి చొక్కాలతో వస్తున్నారు? ఆదివారం పూజకు రావడం మానేసిన వృద్ధులెవరు, వాహనం లేకనా, మోకాళ్ల నొప్పులా? ఇవి గురువుకు, గుడి కార్యాలయంలో ఫోన్లెత్తే ఉద్యోగికి తెలిసినంతగా మరెవరికీ తెలియవు. చాలా కౌన్సిళ్లు క్యాలెండర్ ముందే అచ్చువేసి తర్వాత గురువుకు ఒక ప్రతి ఇస్తాయి. అప్పుడు తేలుతుంది, ఆ శనివారం హాలు పెళ్లికి ఇచ్చేశారని, ఈ ఆదివారం చిన్నపిల్లల సత్యోపదేశం తరగతులున్నాయని. హాలు తాళం, వంటగది తాళం, పార్కింగ్ స్థలం, ఈ మూడూ ఏ తేదీన దొరుకుతాయో తెలుసుకోకుండా వేసుకున్న ప్రణాళికకు విలువ లేదు.

ఏడాదిలో కొన్ని తేదీలు వాటంతటవే స్థిరపడి ఉంటాయి. శరదృతువులో చలికోట్ల పంపిణీ, నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగకు ఆహార సేకరణ, జనవరిలో గర్భస్థ శిశువుల పక్షాన జరిగే ప్రదర్శనలు, తపస్సు కాలంలో (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాల్లో) చేపల విందులు, తర్వాత ప్రత్యేక అవసరాలున్నవారి కోసం జరిగే స్పెషల్ ఒలింపిక్స్ పోటీలకు సాయం. స్పెషల్ ఒలింపిక్స్‌తో ఈ సంఘం అనుబంధం 1968లో చికాగోలో జరిగిన మొట్టమొదటి పోటీల నాటిది.

పన్నెండు చలికోట్లున్న పెట్టె

పిల్లలకు చలికోట్లు ఇచ్చే కార్యక్రమం ఈ సంఘంలో బాగా పేరున్నది. కొత్త కోట్లు పెట్టెకు 12 చొప్పున కౌన్సిల్ కొంటుంది. పైకి చూస్తే కొనడం, పంచడం, అంతే. దగ్గర నుంచి చూస్తే ఒక కార్యక్రమం ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ జారుతుందో ఇందులోనే కనబడుతుంది.

సైజులు ముందుగా తెలుసుకోకపోతే పంపిణీ రోజున చిన్న కోట్లు మిగిలిపోతాయి, పన్నెండేళ్ల పిల్లవాడు ఉత్త చేతులతో వెనక్కి వెళతాడు. వాడు మళ్లీ రాడు. కాబట్టి సెప్టెంబరులోనే స్థానిక బడిలో నర్సునో, కౌన్సెలర్‌నో కలిసి, పేర్లు అక్కర్లేదు, ఎంత వయసు వాళ్లు ఎందరు, ఆడపిల్లలెందరు, మగపిల్లలెందరు అని రాయించుకోవాలి. పెట్టెలు అప్పుడే ఆర్డరు చేయాలి. చలి ముదిరాక అందరూ ఒకేసారి అడుగుతారు, కావలసిన సైజు దొరకదు.

చాలా కౌన్సిళ్లు థాంక్స్‌గివింగ్ మరునాటి శుక్రవారాన్ని పంపిణీకి ఎంచుకుంటాయి. దుకాణాలన్నీ కొనుగోళ్లతో కిటకిటలాడే రోజది. ఆ రోజు గుడి హాలులో కోట్లను బల్లల మీద సైజుల వారీగా, రంగులు కనబడేలా పరచాలి. పిల్లవాడు తనే వచ్చి, నాలుగు తొడిగి చూసి, అద్దంలో చూసుకుని, నచ్చినది తీసుకోవాలి. వరసలో నిలబెట్టి చేతికందినది ఇచ్చేస్తే కోటు ఇచ్చినట్టవుతుంది కానీ ఆ పిల్లవాడిని గౌరవించినట్టవదు. ఎర్ర కోటు ఇస్తే మొహం ముడుచుకుని నీలం కోటు తొడుక్కోగానే జిప్పు గొంతుదాకా లాక్కుని గంతులేసే పిల్లల్ని చూస్తే, ఈ ఎంపిక ఎందుకు ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. అద్దం ఒకటి తెచ్చిపెట్టమని ఒక సభ్యుడికి ముందే చెప్పాలి. అలా చెప్పకపోతే అది ఎవరికీ గుర్తుండదు.

ఫొటోల సంగతి. కౌన్సిల్ నివేదికకు ఫొటోలు కావాలి, నిజమే. కోట్ల గుట్టలు తీయవచ్చు, బల్లలు సర్దుతున్న సభ్యుల్ని తీయవచ్చు. సాయం అందుకుంటున్న పిల్లవాడి మొహం తీయడం, దాన్ని నలుగురికీ చూపడం తప్పు. సోమవారం వాడు బడికి వెళ్లాలి.

శుక్రవారం చేపల విందు

తపస్సు కాలంలో శుక్రవారాలు పద్నాలుగేళ్లు దాటిన కతోలికులు మాంసం మానాలి. అమెరికాలో ఈ నియమం నుంచే గుడి హాళ్లలో వేయించిన చేపల విందు పుట్టింది. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం తర్వాతి శుక్రవారం నుంచి పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) దాకా ఏడు శుక్రవారాలు వస్తాయి. చాలాచోట్ల పవిత్ర శుక్రవారం మినహాయించి ఆరు వారాలు నడుపుతారు. టికెట్ల మీద వచ్చిన సొమ్ము సేవకు వెళుతుంది. కౌన్సిల్‌కు ఏడాదికి సరిపడా నిధులు తెచ్చేది తరచుగా ఇదే. మనుషుల్ని ఎలా కూడగట్టాలో నేర్పేది కూడా ఇదే.

ఒక్క సాయంత్రానికి ఎన్ని పనులో చూడండి. గడ్డకట్టిన చేపను రెండు రోజుల ముందే ఫ్రిజ్‌లోకి మార్చి నెమ్మదిగా కరగనివ్వాలి, బయట గది వేడిలో వదిలేయకూడదు. స్థానిక ఆరోగ్య శాఖ అనుమతి కాగితం గోడకు అంటించి ఉండాలి. నూనె కాగే బాణలి దగ్గర ఇద్దరు, పిండి కలిపేవారు ఒకరు, ప్లేట్లలో వడ్డించేవారు ముగ్గురు, ఇంటికి పట్టుకెళ్లే పొట్లాల బల్ల దగ్గర ఇద్దరు, టికెట్ల దగ్గర ఇద్దరు, బల్లలు తుడిచేవారు, గిన్నెలు కడిగేవారు, పార్కింగ్‌లో కార్లకు దారి చూపేవారు. నూనె మంటకు వాడే ప్రత్యేకమైన ఆర్పే పరికరం ఎక్కడుందో, దాని పిన్ను ఎలా లాగాలో బాణలి దగ్గర నిలబడే ప్రతి ఒక్కరికీ తెలియాలి. ఆ మంట మీద నీళ్లు పోయకూడదని మొదటి రోజే నోటితో చెప్పాలి, కాగితం మీద రాసి వదిలేస్తే చాలదు. మర్నాడు పొద్దున్న చల్లారిన నూనెను డబ్బాల్లోకి ఎత్తి అప్పగించే మనిషి పేరు కూడా జాబితాలో ఉండాలి. అందరూ మరిచిపోయే పని అది.

ఇన్ని పనులకు మనుషులు ఎలా వస్తారు? ఆదివారం పూజ చివర మైకులో 'స్వచ్ఛంద సేవకులు కావాలి, ఆసక్తి ఉన్నవారు సంప్రదించగలరు' అని ప్రకటిస్తే అందరూ వింటారు, అది తమకు కాదనుకుంటారు. ప్రకటన తప్పు కాదు, విందు ఉందని తెలియడానికి పనికొస్తుంది. మనుషులు మాత్రం అడిగితేనే వస్తారు, అదీ పేరు పెట్టి, పని చెప్పి, సమయం చెప్పి అడిగితే. 'మార్చి రెండో శుక్రవారం సాయంత్రం ఐదు నుంచి ఏడు వరకు పొట్లాల బల్ల దగ్గర నిలబడతారా? మీ పక్కన ఫలానా ఆయన ఉంటారు' అని ఫోను చేస్తే కాదనేవారు తక్కువ. కాదన్నా, ఆ వారం కుదరదు, వచ్చే వారం వస్తానంటారు. 'ఏదో ఒక సాయం చేయండి' అని అడిగితే ఆ మనిషికి ఎంతసేపు ఇరుక్కుపోతానో అన్న భయం కలుగుతుంది. రెండు గంటలని చెప్పి రెండు గంటలకే పంపించాలి. ఏడింటికి పంపిస్తామని చెప్పి తొమ్మిదింటి దాకా ఉంచిన మనిషి మరుసటి శుక్రవారం ఫోనెత్తడు.

పని మనిషికి తగినట్టు ఉండాలి. మోకాళ్లు సహకరించని 80 ఏళ్ల సభ్యుడిని కూర్చోబెట్టి టికెట్లు ఇప్పిస్తే వచ్చినవారినందరినీ పేరుపేరునా పలకరిస్తాడు, ఆ పలకరింపు కోసమే కొందరు మళ్లీ వస్తారు. భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం) కోసం సిద్ధమవుతున్న హైస్కూలు పిల్లలకు చాలా విచారణల్లో కొన్ని సేవా గంటలు తప్పనిసరి. వారికి బల్లలు తుడవడం, వృద్ధులకు ప్లేట్లు అందించడం అప్పగించవచ్చు. బాణలి దగ్గరికి మాత్రం రానివ్వకూడదు. బాణలి దగ్గర నిలబడేవారిని కూడా గంటన్నరకోసారి మార్చాలి. ఆ వేడిలో అలసిన చేతికే ప్రమాదం జరుగుతుంది.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న ఆమె, పిల్లలు వేరే రాష్ట్రాలకు వెళ్లిపోయిన ముసలి దంపతులు శుక్రవారం విందుకు వచ్చేది చేప కోసమే కాదు. వారంలో నలుగురితో కలిసి కూర్చుని తినేది ఆ ఒక్క పూటే కావచ్చు. ఏ వారమైనా వారు రాకపోతే గమనించి మర్నాడు ఇంటికి ఫోను చేసే బాధ్యత ఒకరికి అప్పగించే కౌన్సిళ్లు, తెలియకుండానే, 1882 నాటి పనినే చేస్తున్నాయి.

సొమ్ము, కాగితాలు, పతకాలు

డబ్బు విషయంలో నియమాలు కొన్నే, కానీ సడలింపు ఉండకూడదు. టికెట్లు అమ్మకముందే ఈ సొమ్ము దేనికి వెళుతుందో చెప్పాలి. ఆ రాత్రే, హాలులోనే, కనీసం ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకాలు చేయాలి. సేవకోసం వసూలు చేసిన డబ్బు కౌన్సిల్ సొంత ఖర్చులతో కలవకూడదు. లక్కీడ్రా టికెట్లు అమ్మాలనుకుంటే రాష్ట్ర చట్టం ఏమంటుందో ముందే చూసుకోవాలి, చాలా రాష్ట్రాల్లో దానికి అనుమతి కావాలి.

కేంద్ర సంఘం కొన్ని కార్యక్రమాలకు ప్రోత్సాహకంగా కొంత సొమ్ము తిరిగి ఇస్తుంది. ఆహార సాయానికి కౌన్సిల్ ఇచ్చే ప్రతి 500 డాలర్లకు 100 డాలర్లు, ఒక పరిమితి వరకు, వెనక్కి వస్తాయి. గురువు కావడానికి చదువుతున్న విద్యార్థికి 500 డాలర్లు ఇచ్చినా అంతే. 2009 నుంచి, గర్భిణులకు సాయపడే కేంద్రాలకు అల్ట్రాసౌండ్ యంత్రం కొనివ్వాలనుకునే కౌన్సిళ్లు సగం సొమ్ము కూడబెడితే మిగతా సగం కేంద్ర సంఘం ఇస్తోంది. చిన్న కౌన్సిల్‌కు ఇది పెద్ద బలం. అయితే సొమ్ము తిరిగి వస్తుంది కాబట్టి ఈ కార్యక్రమమే చేద్దాం అన్న ఆలోచన వచ్చిందంటే వరస తలకిందులైనట్టే. ముందు విచారణలో అవసరం, దాని తర్వాత జాబితాలో దానికి సరిపడే కార్యక్రమం.

నివేదికల విషయంలోనూ ఇంతే. ఏటా ఒకసారి కౌన్సిల్ తన సేవా గంటలు, విరాళాలు లెక్కకట్టి పంపాలి, దానికి 1728 అనే సంఖ్య గల ఫారం ఉంది. ఏడాది చివర కూర్చుని గుర్తుచేసుకుంటూ నింపితే అంకెలు ఊహలవుతాయి. టికెట్ల బల్ల మీదే ఒక నోటు పుస్తకం పెట్టి, పనికి వచ్చిన ప్రతి సేవకుడితో పేరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాయిస్తే ఈ బాధ ఉండదు. ఆ పుస్తకం వల్ల అంతకంటే పెద్ద లాభం ఒకటుంది. ఎవరు వరుసగా వస్తున్నారో, ఎవరు ఒక్కసారి వచ్చి ఆగిపోయారో అందులో తెలుస్తుంది. ఆగిపోయినవారికి ఫోను చేసి ఎందుకని అడిగితే నిర్వహణలో లోపం ఎక్కడుందో ఏ సమావేశమూ చెప్పనంత స్పష్టంగా వారు చెబుతారు.

కౌన్సిళ్లకు అవార్డులూ ఉన్నాయి. నాలుగు విభాగాల్లో కార్యక్రమాలు చేసి నివేదించిన కౌన్సిల్‌కు కొలంబియన్ అవార్డు, దానితోపాటు సభ్యత్వ, బీమా లక్ష్యాలు కూడా చేరుకుంటే స్టార్ కౌన్సిల్ గుర్తింపు వస్తాయి. పతకం కోసం పనిచేయడాన్ని ఎగతాళి చేయనక్కర్లేదు. నలుగురు మనుషులు ఏడాదంతా కష్టపడ్డాక గుర్తింపు కోరుకోవడంలో తప్పు లేదు. కానీ జూన్ నెలలో గళ్లు నింపడానికి హడావుడిగా పెట్టే కార్యక్రమాల వల్ల ఎవరికీ మేలు జరగదు. వాటికి వచ్చిన స్వచ్ఛంద సేవకుడికి తన సమయం వృథా అయిందని తెలిసిపోతుంది.

పిల్లలతో కూడిన ఏ కార్యక్రమానికైనా రక్షణ నియమాలే మొదటి మెట్టు. చర్చిలో పిల్లలపై జరిగిన లైంగిక అఘాయిత్యాలు బయటపడ్డాక 2002లో డాలస్‌లో అమెరికా మేత్రాణులు (బిషప్పులు) పిల్లల రక్షణ పత్రాన్ని ఆమోదించారు. అప్పటి నుంచి మేత్రాసనాలు (బిషప్పుల పాలనలోని ప్రాంతాలు), కతోలిక సంఘాలు శిక్షణను, పూర్వచరిత్ర పరిశీలనను తప్పనిసరి చేశాయి. 'ఆయన మనకు ముప్ఫై ఏళ్లుగా తెలుసు కదా' అన్న మాట ఇక్కడ చెల్లదు. ఒక పెద్ద, ఒక పిల్లవాడు ఒంటరిగా ఒక గదిలోనో, ఒక కారులోనో ఉండే పరిస్థితి రాకుండా పని పంచాలి. సోదరభావం మీద నిలబడిన సంఘానికి ఈ జాగ్రత్త మరింత అవసరం, ఎందుకంటే ఒకరినొకరు నమ్మడం అక్కడ అలవాటు.

తెలుగువారికి ఇందులో ఏముంది

అమెరికాలోని అనేక విచారణల్లో ఇవాళ తెలుగు గురువులు పనిచేస్తున్నారు. 1984లో ఏలూరులో మొదలైన హెరాల్డ్స్ ఆఫ్ గుడ్ న్యూస్ వంటి గురువుల సభల నుంచి, మన మేత్రాసనాల నుంచి వెళ్లినవారు వారిలో ఉన్నారు. విచారణ గురువే చాప్లిన్ అయ్యే చోట ఈ కౌన్సిళ్ల బాధ్యత తెలుగు గురువు భుజాన పడుతుంది. ఉద్యోగాల కోసం వెళ్లిన తెలుగు కతోలిక కుటుంబాలూ ఆ గుళ్లలోనే కూర్చుంటాయి, తరచుగా వెనక వరుసల్లో.

ఆ వెనక వరుసలో కూర్చున్న యువకుడు ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు విజయవాడలో జరిగే గుణదల మాత ఉత్సవాల్లో వాలంటీరుగా కొండ మెట్ల దగ్గర జనాన్ని అదుపు చేసి ఉండవచ్చు. ఊరి గుడి పండుగకు పందిరి వేయించి, వందల మందికి వంట చేయించి ఉండవచ్చు. ఒక సాయంత్రం విందు నడపడం అతనికి కొత్త కాదు. కౌన్సిల్‌కు ఆ సంగతి తెలియదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. ఎవరూ పిలవకుండా ముందుకు వెళ్లడం అతనికి మర్యాద అనిపించదు. సభ్యుల సగటు వయసు పెరిగిపోతోందని, కుర్రవాళ్లు రావడం లేదని బాధపడే కౌన్సిళ్లు పూజ అయ్యాక వెనక వరుస దాకా నడిచి వెళ్లాలి. తెలుగు గురువు ఉన్నచోట ఆ పరిచయం చేయడం ఆయనకు ఒక్క నిమిషం పని.

ఆంధ్ర, తెలంగాణ విచారణల్లో సేవ అనగానే గుర్తొచ్చేవి మరియ దళం (లీజియన్ ఆఫ్ మేరీ), విన్సెంట్ డి పాల్ సభ. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే విద్యార్థి, అతని మిత్రులు మొదలుపెట్టిన విన్సెంట్ డి పాల్ సభ పద్ధతి వేరు. సభ్యులు ఇద్దరిద్దరుగా పేదల ఇళ్లకు వెళ్లి కూర్చుని మాట్లాడతారు. సమావేశంలో ఎవరెంత వేశారో తెలియకుండా సంచి తిప్పి చందా పోగుచేస్తారు. పెద్ద విందులు, పతకాలు అక్కడ ముఖ్యం కావు. ఈ రెండు పద్ధతుల్లో ఒకదాన్ని మెచ్చుకుని ఇంకోదాన్ని తీసిపారేయనక్కర్లేదు. అమెరికా కౌన్సిళ్లు విన్సెంట్ సభ నుంచి గడప దాకా వెళ్లడం నేర్చుకోవచ్చు, ఆహార పొట్లం హాలులో పంచడం కంటే ఇంటికి తీసుకెళితే ఆ ఇంట్లో ఇంకేం లేదో కంటికి కనబడుతుంది. మన విచారణల్లోని సంఘాలు నైట్స్ నుంచి ఏడాది క్యాలెండర్, పని విభజన, గంటల పుస్తకం తీసుకోవచ్చు. మన దగ్గర సేవకు మనుషులు కొరవపడరు. పనులన్నీ ఒకే పెద్దమనిషి బుర్రలో ఉండిపోవడమే సమస్య, ఆయన మంచాన పడితే కార్యక్రమం ఆగిపోతుంది.

అదే సమస్య అమెరికాలోనూ ఉంది, దానికి మందు కూడా ఒకటే. ప్రతి కార్యక్రమం అయిన వారంలోపు దాన్ని నడిపినవారు అరగంట కూర్చుని ఒక పేజీ రాయాలి. చేప ఎన్ని కిలోలు తెచ్చారు, ఎంత మిగిలింది, ఏ గంటలో రద్దీ వచ్చింది, ఏ బల్ల దగ్గర మనిషి చాల్లేదు, అనుమతి కోసం ఏ కార్యాలయానికి వెళ్లారు, కోట్లలో ఏ సైజు ముందు అయిపోయింది. డైరెక్టర్ పక్కన మొదటి రోజు నుంచే రెండో మనిషి ఉండాలి, వచ్చే ఏడాది పని తనదేనని అతనికి తెలిసుండాలి. జూన్ 30లోగా ఆ పేజీలు, గంటల పుస్తకం, ఫోను నంబర్ల జాబితా అతని చేతికి రావాలి. ఆ జాబితాలో ప్రతి పేరు పక్కన ఆ మనిషి ఏ పని ఇష్టంగా చేశాడో, ఏ రోజు ఖాళీగా ఉంటాడో రాసి ఉంటే, కొత్త డైరెక్టర్ జూలై మొదటి వారంలోనే ఫోన్లు మొదలుపెట్టగలడు.